మిరపకాయల ఘాటు, నూరీ దగ్గు

మా చిన్నప్పుడు... పొద్దున్నే వ్యాను కదలగానే నేనూ, మా చెల్లి నూరీ వెనక బల్ల మీదకి ఎగబడేవాళ్లం. ఆ బల్ల కిందే ఇంజను. మంచులో వణుకుతూ లేచిన ఒంటికి ఎంత వెచ్చగా ఉండేదో... ఇద్దరికీ చోటు చాలేది కాదు. జుట్లు పట్టుకునేవాళ్లం.

మాది దూదేకే కుటుంబం. ఇల్లు నల్లపాడులో ఉన్నా, పత్తి తీతలు మొదలైతే నాన్న, అమ్మ, నానమ్మ, మేమిద్దరం... అందరి కాపురం వ్యానులోనే. ఊరూరా ఆగి, దూది ఏకి, పరుపులు, దిండ్లు కుట్టి ఇచ్చేవాళ్లం. మరి బడి ఎప్పుడు అంటారా... మా మేష్టారు కూడా అదే అడిగేవారు!

ఎవరో దొరలు ఊళ్లు తిరుగుతూ లోపలే పడుకోవడానికి చేయించుకున్న వ్యానట అది. మా చేతికొచ్చేసరికే ముసలిదైపోయింది. ఆ ఏడు సైలెన్సరు తుప్పు పట్టి డబడబా మోగేది. ఇంజను మీద కప్పే రేకులకీ చిల్లులు పడ్డాయి. నాన్న వాటిలో గోనెగుడ్డ కుక్కి, "సీజను పోనియ్యండి, అన్నీ మార్పిద్దాం" అనేవాడు.

అప్పట్నుంచే మాకు తలనొప్పులు. నూరీ ప్రయాణంలో రెండుసార్లు కక్కుకుంది. "పిల్ల బొద్దుగా ఉందని ఎవరి కళ్లో పడ్డాయి" అని నానమ్మ తేల్చేసింది. మేమూ అదే నమ్మాం.

ఆ రోజు బల్ల కోసం జరిగిన యుద్ధంలో నూరీ గెలిచింది. "చావు పో" అని తిట్టి, నేను ముందుకొచ్చి అమ్మ పక్కన కూర్చున్నా. కొంతదూరం పోయాక అమ్మ పిలిస్తే నూరీ పలకలేదు. వెనక్కెళ్లి కదిపితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేసింది...

నానమ్మ వ్యాను ఆపమంది. రోడ్డు పక్కనంతా మిరప కల్లాలు. ఇంజను ఆపితే మళ్లీ తోయాల్సి వస్తుందని నాన్న దాన్ని అలాగే ఉంచాడు. నానమ్మ గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని నూరీ చుట్టూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. దూది ఉన్న బండిలో నిప్పు ముట్టించకూడదు కదా... అందుకని కిందకి దిగి, వెనక మూత ఎత్తి, కాలుతున్న సైలెన్సరు మీదే పోసి, మూత వేసేసింది.

నాన్నా నానమ్మా బయట నిలబడి చూస్తున్నారు. ఘాటే రాలేదు.

"చూశావురా! ఇన్ని కాయలు మాడినా దగ్గు రాలేదంటే, ఎంత దిష్టి తగిలిందో నా మనవరాలికి!"

లోపల నాకూ అమ్మకీ ఊపిరాడటం లేదు. బల్ల సందుల్లోంచి ఘాటు తన్నుకొస్తోంది. కళ్లు మండిపోయి, పేగులు నోట్లోకొచ్చేలా దగ్గుతున్నాం. నూరీ మాత్రం దగ్గలేదు. ఘాటంతా దాని ముఖం కిందనుంచే వస్తోంది... అయినా దగ్గలేదు.

అమ్మకి అర్థమైపోయింది. నూరీని భుజాన వేసుకుని కిందకి దూకింది. "కింద కాలుతున్నదంతా లోపలికే వస్తోందయ్యా! రోజూ ఇంజను పొగే పీలుస్తున్నారు పిల్లలు!"

కల్లంలో పరిచిన పట్టా మీద, ఎండుతున్న మిరపకాయల పక్కన నూరీని పడుకోబెట్టారు. నాన్న పరుగెత్తి ఇంజను ఆపేశాడు. అమ్మ నూరీ చెంపలు తట్టింది, వీపు రుద్దింది. "దగ్గవే... ఒక్కసారి దగ్గవే నా తల్లీ..." నేను పక్కనే నిలబడి ఉన్నా. పొద్దున అన్న మాటని వెనక్కి తీసుకోవడం ఎలాగో నాకు తెలియలేదు.

ఎంతసేపటికో నూరీ దగ్గింది. తర్వాత కక్కింది. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. మా నాన్న ఏడవగా నేను చూసింది కూడా అప్పుడే.

పిల్లని తీసుకుని మేం బస్సులో గుంటూరు ఆసుపత్రికి వెళ్లాం. నాన్న అద్దాలన్నీ దించుకుని, ఒక్కడే వ్యానుని షెడ్డుకి తోలుకొచ్చాడు. మెకానిక్కు ఏసోబు మామ విప్పుతుంటే పాత సైలెన్సరు పెచ్చులు పెచ్చులుగా చేతిలోకి ఊడొచ్చింది. రెండు రోజులు కూర్చుని కొత్తది బిగించి, ఇంజను చుట్టూ కొత్త రేకులు కత్తిరించి వేశాడు. "ఇంక భయం లేదమ్మా, ఎక్కండి" అన్నాడు.

అమ్మ మమ్మల్ని ఎక్కనివ్వలేదు. ఇంజను వేయించి, సైలెన్సరు మీద గుప్పెడు మిరపకాయలు పోయించింది. తను ఒక్కతే లోపలికెళ్లి, అద్దాలన్నీ మూసుకుని, ఆ బల్ల మీదే పడుకుంది. బయట నాన్న చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. నూరీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపల అమ్మ దగ్గింది...

ఏసోబు మామ మళ్లీ విప్పాడు. ఒక మూల రేకు సరిగ్గా కూర్చోలేదు, వేలు దూరేంత సందు. దాన్ని మూసి బిగించాడు. మళ్లీ మిరపకాయలు పోశారు. ఈసారి షెడ్డులో ఉన్నవాళ్లంతా దగ్గుకుంటూ రోడ్డు మీద పడ్డారు. పక్క టీకొట్టాయన తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. అమ్మ మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా అలాగే పడుకుని ఉంది. నాన్న భయపడిపోయి తలుపు లాగేశాడు.

"ఏమయ్యా! ఇప్పటిదాకా బాగానే ఉంది, ఘాటంతా నువ్వే రానిచ్చావు!" అంటూ లేచింది అమ్మ.

ఆ వ్యాను ఎప్పుడో తుక్కు కిందకి పోయింది. ఊళ్లలో ఇప్పుడు దూది ఏకించుకునేవాళ్లే లేరు, చుట్టచుట్టిన పరుపు నేరుగా ఇంటికే వస్తోంది. ఐదుగురం ఒకే చోట పడుకున్నవాళ్లం... ఇప్పుడు ఎవరి గది వాళ్లది, ఎవరి గడియ వాళ్లది.

అమ్మ మాత్రం మారలేదు. నూరీకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అయినా పుట్టింటికొచ్చి కాస్త కునుకు తీస్తే చాలు, అమ్మ చప్పుడు కాకుండా వెళ్లి దాని ముక్కు కింద వేలు పెట్టి చూసుకుంటుంది.

మీరు నిద్రపోయాక మీ ఊపిరి చూసుకున్నవాళ్లు ఎవరండీ...? వాళ్ల గురించి ఒక్క మాట రాయండి, చదవాలనుంది.