ఉల్టా మొహరు

మా బాపు మందలో ఏ గొర్రె ఎవరిదో చెవికోత చూసి చెప్పేవాడు. తన పేరు మాత్రం చదవలేడు. మక్తల్ దగ్గరి మా ఊళ్ళో ఏ కాగితం వచ్చినా ఆయన బొటనవేలు నల్లబడాల్సిందే. అదే కాగితం మీద, పక్కనే, ఊరి పటేల్ తన ముద్ర ఉంగరం ఒత్తేవాడు. నిజాం కాలం నాటి వెండి ఉంగరం, దాని మీద ఉర్దూ అక్షరాలు. పటేల్‌కూ చదువు అంతంత మాత్రమే. "ఆయన ఏలు పెడితే మొహరు, నేను పెడితే నిశానీ" అని బాపు సణిగేవాడు.

పటేళ్ల కొలువులు రద్దయ్యాయి. ఉంగరం ఒత్తే రోజులు పోయాయి. బాపు కోరిక మాత్రం పోలేదు. నాకు తెలుగు పంతులు ఉద్యోగం వచ్చి, పాత ఇల్లు విప్పి కొత్తది కడదామన్నప్పుడు దాన్ని బయటపెట్టాడు.

"ఇల్లు నీకెట్ల తోస్తె అట్ల కట్టు బిడ్డా. నాకొక మొహరు ఉంగరం చేపియ్యి. తడి సిమిటి మీద నేనే ఒత్తుత. ఇగ సచ్చేదాంక ఏ కాయిదం మీద ఏలు పెట్ట."

మా పాత ఇల్లు మట్టి మిద్దె. మొద్దు దూలాలు, వాటి మీద బండలు, బండల మీద మూరెడు మట్టి. ఎండాకాలం లోపలికి అడుగుపెడితే నిద్ర ముంచుకొచ్చేది. వానాకాలం మాత్రం ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చుక్కల కింద కాపలా కాసేవి. పటేల్ భవంతికైతే కమానులు, చెక్కిన స్తంభాలు. ఇల్లు కట్టడానికొచ్చిన సుతారి ఈ రెండింటినీ ఒక్క మాటతో కొట్టిపారేశాడు. "కమాన్లు ఇప్పుడెవడు కడుతుండు సారూ? స్లాబ్ ఏసి ముందట డిజైన్ కొడత." డిజైనంటే పిట్టగోడ మీద సిమెంటు తామరపువ్వు, దానికి చెరో పక్క ఒక హంస. బాపు కిందనుంచి చాలాసేపు చూసి "గొర్లు మంచిగ కుదిరినయ్" అన్నాడు. సుతారి రెండ్రోజులు మాతో మాట్లాడలేదు.

ఉంగరం పని మక్తల్ బజారులో స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టే ఒక ముసలాయనకు అప్పజెప్పాను. వాళ్ల నాయన జాగీర్దార్లకు మొహర్లు చెక్కినవాడట. "ఆ జమానాల సంతకం లేదు సార్. మొహరే మనిషి. మనిషి పోతే మొహరు పలగ్గొట్టేటోళ్లు. లేకుంటే సచ్చినోడు గూడ భూములు అమ్ముతడు" అన్నాడు.

నాలుగు రోజులకు రూపాయి బిళ్లంత మొహమున్న వెండి ఉంగరం నా చేతిలో పెట్టాడు. చూద్దును కదా, బాపు పేరులోని మూడక్షరాలూ తిరగబడి ఉన్నాయి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మొహరు ఉల్టానే ఉంటది సార్" అన్నాడు ముసలాయన.

"పిల్లలకు అక్షరాలు దిద్దించేటోన్ని, నాకు చెప్తవా? రాకి మళ్ల చెక్కు."

ఆయన ఉంగరాన్ని చూశాడు, నన్ను చూశాడు. "సరే సార్. సదువుకున్నోళ్లు మీరు."

బళ్ళో రబ్బరు ముద్ర రోజూ కొట్టేవాణ్ణే. దాని వీపు పట్టుకోవడమే తప్ప మొహం ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

ముద్ర వేసే రోజు సుతారి దర్వాజ పక్కన తడి సిమెంటు నున్నగా చేసి తప్పుకున్నాడు. బాపు కొత్త ధోతి కట్టి, కళ్ళు మూసుకుని ఉంగరం ఒత్తాడు. చెయ్యి తీయగానే చూస్తే సిమెంటు మీద అక్షరాలు తిరగబడి పడ్డాయి. ముసలాయన చెప్పిందే నిజం. ఎలా చెప్పాలా అని నేను నసుగుతుండగానే ఆయన ఊపు మీద కిటికీ కిందా, మెట్ల మీదా, ఆరని చోటల్లా ఒత్తేశాడు. చూడ్డానికొచ్చిన పోస్టుమాన్ వంగి, "ఉర్దూల రాపిచ్చినవా పెద్దయ్యా?" అని అడిగాడు. బాపు నా వైపు తిరిగాడు.

"ఔ, ఉర్దూనే" అన్నాను.

"పటేల్‌ది గూడ గిట్లనే ఉంటుండె" అని బాపు మురిసిపోయాడు. నాకు సిగ్గేసింది. కానీ ఆ మురిపెం చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రానికి సిమెంటుతో పాటు అబద్ధమూ గట్టిపడింది.

ఎండాకాలం స్లాబు కింద మేమంతా ఉడికిపోతుంటే, బాపు దర్వాజ దగ్గరే కూర్చునేవాడు. గాలి కోసమనుకున్నాం.

ఏడెనిమిదేళ్ల తర్వాత భూమి పాస్‌బుక్కు కోసం ఇద్దరం మండలాఫీసుకు పోయాం. గుమాస్తా సిరా డబ్బా ముందుకు తోశాడు. బాపు దాన్ని వెనక్కి తోశాడు.

"సంతకం పెడత."

నేను తేరుకునేలోపే కలం పట్టి మూడక్షరాలు రాశాడు. కుడి నుంచి ఎడమకు. గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేం భాష పెద్దాయనా?" అన్నాడు.

"ఉర్దూ."

ఉర్దూ చదివిన చప్రాసీని పిలిచి చూపించారు. అతను చాలా మర్యాదగా, "ఇది మా ఉర్దూ కాదు సార్" అన్నాడు. చివరికి గుమాస్తా కాగితాన్ని కిటికీ వెలుతురుకెత్తి వెనక నుంచి చూశాడు. బాపు పేరు తడుముకోకుండా చదివాడు. ఆఫీసంతా పగలబడి నవ్వింది. "నేను అన్నం తినొస్త. ఆలోపు ఏలు పెడతవో, సీదా సంతకం పెడతవో ఆలోచించుకో" అని లేచి వెళ్ళాడు.

వరండాలో కూర్చుని బాపుకు మొత్తం చెప్పేశాను. ముసలాయన మాట నేను విననిదీ, ఉర్దూ అని అబద్ధమాడిందీ. బాపు తన బొటనవేలు చూసుకున్నాడు.

"మూడేండ్లు నేర్చుకున్న బిడ్డా, ఆ దర్వాజ కాడ కూసుండి, పుల్లతోని మన్నుల గీసుకుంట. ఊరోళ్ల పిల్లలకు నువ్వు సదువు చెప్తివి. నాకు గోడ చెప్పింది."

నాలుగు తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది.

జేబులో సుద్దముక్క ఉంది. వరండా బండ మీద ఆయన పేరు సీదాగా రాశాను. ఆయన దిద్దాడు. తుడిచాను, మళ్ళీ దిద్దాడు. గుమాస్తా పళ్ళు కుట్టుకుంటూ వచ్చేసరికి బాపు లోపలికి నడిచి, ఎడమ నుంచి కుడికి రాశాడు. మొదటి రెండూ బాగా కుదిరాయి. మూడోది చేతి అలవాటు కొద్దీ తిరగబడింది.

"ఒక్కటి ఉల్టానే ఉన్నది గద పెద్దాయనా, దిద్దుతవా?" అన్నాడు గుమాస్తా.

బాపు కలం బల్ల మీద పెట్టేశాడు. "ఉండనీ సారూ. మా ఇంటి మీద గట్లనే ఉన్నది."

గుమాస్తా ఆయన వైపు ఒకసారి చూసి, సిరా డబ్బాకు మూత పెట్టాడు.