నా చేతులు నాటకం ఆడలేదు

ఆ బుధవారం పొద్దున జడ వేసుకుంటుంటే వేళ్లు మాట వినలేదు. అరికాళ్లలో అప్పటికే రెండు రోజులుగా తిమ్మిరి. నాది హైటెక్ సిటీలో టెస్టింగ్ ఉద్యోగం. రోజంతా కీబోర్డు మీదే కదా, అందుకేననుకున్నాను.

సాయంత్రం రక్తపరీక్ష చేయించుకుని హఫీజ్‌పేట్‌లో మా ఇంటి దగ్గరి క్లినిక్‌కు వెళ్తే డాక్టరు కుర్చీలోంచి లేవలేదు. "బ్లడ్ రిపోర్ట్స్ నార్మల్. యాంగ్జైటీ అమ్మా. ఇంట్లో ఏమైనా గొడవలా?" అని బీ కాంప్లెక్స్ రాసిచ్చాడు.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. మర్నాడు బంద్. సెలవు కావాలని మేనేజరుకు ఫోన్ చేశాను.

"బంద్ అనగానే మీవాళ్లందరికీ ఏదో ఒకటి వస్తుందండీ. నాటకాలు వద్దు, తెల్లారేసరికి క్యాబ్ పంపుతాం" అన్నాడు.

మాది సిద్దిపేట దగ్గర పల్లె. ఆ "మీవాళ్లు" అన్న మాటకు ఒళ్లు మండింది. పంతానికి వెళ్లాను. ఆఫీసు మెట్ల మీదే కూలబడ్డాను. సెక్యూరిటీ గార్డు మల్లేశ్ నన్ను ఎత్తి కూర్చోబెట్టాడు.

"మేడమ్, గిది నీరసం కాదు. కాళ్లు ఏలాడుతున్నయ్. జల్ది దవాఖానకు పోవాలె."

డాక్టరుకు కనబడనిది ఆయనకు కనబడింది. మా ఆయన శ్రీకాంత్ బైకు తెచ్చాడు. నేను పడిపోకుండా మల్లేశ్ వెనక కూర్చుని పట్టుకున్నాడు. దారిలో రోడ్డు మీద బైఠాయించినవాళ్లు నన్ను చూసి లేచి దారిచ్చారు.

ఆసుపత్రిలో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. నరాలకు కరెంటు పెట్టి చూసే నర్వ్ కండక్షన్ టెస్ట్, వెన్నులోంచి నీరు తీసే లంబార్ పంక్చర్ అయ్యాక చెప్పాడు: "జీబీఎస్, అంటే గిలియన్ బారే సిండ్రోమ్. మీ ఇమ్యూనిటీయే మీ నరాల మీద దాడి చేస్తోంది. నిన్ననే రావాల్సింది."

ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించడం మొదలుపెట్టిన మూడో రోజు ఊపిరి అందలేదు. వెంటిలేటర్ పెట్టారు. గొంతులో ట్యూబు, కోపం చెప్పుకోవడానికి నోరు కూడా లేదు. చెప్పకుండా ఆఫీసుకు రానందుకు సంజాయిషీ అడుగుతూ ఆ వారమే మెయిల్ వచ్చిందట. నేను ఇంటికొచ్చాక శ్రీకాంత్ చూపించాడు. ఉద్యోగం వదిలేశాను.

కాళ్లు నాలుగు నెలలకు నడిచాయి. చేతులు మొండికేశాయి. నల్లగండ్లలో ఫిజియోథెరపిస్టు వేళ్లకు బలం రావడానికి పిసకమని మైనం లాంటి పుట్టీ ముద్ద ఇచ్చింది. ఒకరోజు విసుగొచ్చి విసిరికొట్టాను. అది నా కాలి పక్కనే పడింది. అంతకు మించి బలం లేదు.

ఆ రోజు తిరిగొస్తూ రోడ్డు పక్కన కుండలు చేసి అమ్మే ఎల్లమ్మ దగ్గర నీళ్లకుండ కోసం ఆగాం. నేను డబ్బులు పట్టుకోలేక జారవిడిచాను.

"ఏమైంది బిడ్డా చేతులకు?"

శ్రీకాంత్ చెప్పాడు. ఆమె తడిమట్టి ముద్ద తెచ్చి నా ముందు పడేసింది. "జర దీన్ని గుద్దు. ఎవరి మీద కోపముంటే వాళ్లనుకోని గుద్దు. మన్ను ఏమనది."

గుద్దాను. క్లినిక్ డాక్టరును, మేనేజరును. మట్టిలో నా పిడికిలి గుర్తు పడింది. నెలల తర్వాత నా చెయ్యి చేసిన పని నాకు కనబడింది. ఏడ్చేశాను. మర్నాటి నుంచి రోజూ వెళ్లాను. కుమ్మరి సారె మీద మొదటి గిన్నె నిలబడేసరికి ఏడాది దాటింది.

"వంకరున్నది గని, నీళ్లాగుతయ్ తీ" అంది ఎల్లమ్మ.

తెలంగాణ వచ్చింది. ఇప్పుడు నానక్‌రామ్‌గూడలో ఒక రేకుల షెడ్డులో శని, ఆదివారాలు ఐటీ వాళ్లకు కుండలు చేయడం నేర్పుతున్నాను. పాదాల్లో కొంచెం తిమ్మిరి మిగిలింది. కోపమూ మిగిలింది. క్షమించమని సలహా ఇచ్చేవాళ్లకు ఒక ముద్ద మట్టి చేతికిచ్చి పిసకమంటాను.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. తిమ్మిరితో పాటు రెండు కాళ్లలోనో చేతుల్లోనో రోజురోజుకూ బలం తగ్గుతుంటే, డాక్టరుతో "నీరసం" అనకండి. "నిన్న ఎక్కిన మెట్టు ఇవాళ ఎక్కలేకపోతున్నాను" అని చెప్పండి. సుత్తితో కొట్టి రిఫ్లెక్సులు చూడమని అడగండి. ఆయన చూడకపోతే ఆ రోజే న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. మొహమాటపడకండి. ఆ ఒంట్లో ఉండాల్సింది మీరు.