ఒకే చేతి రెండు సంతకాలు

తొంభైల మొదట్లో, ఒక జూన్ నెలలో, నేను జగిత్యాలకు పోస్టల్ ఇన్‌స్పెక్టరుగా వచ్చి చేరాను. ఇన్‌స్పెక్టరంటే బయటివాళ్లు పెద్ద హోదా అనుకుంటారు. పల్లె పోస్టాఫీసులు తిరిగి రిజిస్టర్లు తనిఖీ చేయడం, ఖాళీ అయిన చోట మనిషిని వెతికి పెట్టడం, ఆ మనిషి నిలబడకపోతే పైఆఫీసు చేత అక్షింతలు వేయించుకోవడం, ఇవే నా పనులు. నాకు సాయంగా నర్సయ్య అని మెయిల్ ఓవర్సీరు ఉండేవాడు. ఏ ఊళ్లో టపా సరిగ్గా నడుస్తోందో సైకిలు మీద తిరిగి చూసి రావడం ఓవర్సీరు పని. నర్సయ్యకు నాకంటే సర్వీసు ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ.

ఆ రోజుల్లో మా సంచుల బరువులో సగం గల్ఫుదే. వానలు లేక బావులు ఎండాయి, సిరిసిల్లలో మగ్గాలు నిలిచిపోయాయి, ఇంటికొక మగవాడు దుబాయికో మస్కట్‌కో దారి పట్టాడు. రెండు రోజులు ఉత్తరాలు అందకపోతే చాలు, ఆడవాళ్లు బీడీల చాటలు చంకన పెట్టుకుని వచ్చి పోస్టాఫీసు అరుగు మీద కూర్చునేవారు. చేతులు ఆకు చుడుతూనే ఉండేవి, నోళ్లు మమ్మల్ని తిడుతూనే ఉండేవి.

రాయికల్ అవతల ఒక ఊళ్లో ఈ తిట్లు నాలుగు నెలలు సాగాయి. అక్కడి బట్వాడా మనిషి, అంటే ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు, రిటైరయ్యాడు. ఇంకొకరిని వేయడానికి ప్రకటన అతికించాలి, దరఖాస్తులు తీసుకోవాలి, పదో తరగతి మార్కులు పోల్చాలి, పోలీసు విచారణ ముగియాలి. అన్నీ అయ్యాక రాజేశాన్ని ఎంపిక చేశాను. కల్లు గీసే ఇంటివాడు, కొత్తగా పెళ్లయినవాడు, సొంత సైకిలున్నవాడు. సోమవారం చార్జి తీసుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను.

సరిగ్గా పదో రోజు పొద్దున్నే జగిత్యాలలో నా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. పక్కన భార్య గంగమణి.

"వీసా అచ్చింది సార్" అన్నాడు. దుబాయిలో లారీ కంపెనీ పని. కోరుట్ల ఏజెంటు రిజిస్టరు టపాలో పంపాడు. అది ఆ ఊరి సంచిలోనే వచ్చింది. పంచాల్సినవాడూ ఇతనే, అందుకోవాల్సినవాడూ ఇతనే. ఏం చేశావని అడిగాను.

"రూలు ప్రకారమే చేసిన సార్. ముట్టినట్టు ఒక సంతకం, ఇచ్చినట్టు ఒక సంతకం."

నర్సయ్య ముఖం అటు తిప్పుకుని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కోపం నషాళానికంటింది. నాలుగు నెలల కాగితాలు గంగపాలు. మళ్లీ ప్రకటన, మళ్లీ విచారణ, మళ్లీ అరుగు మీద ఆడవాళ్లు. తొమ్మిది రోజుల ముచ్చటకు నన్నెందుకు తిప్పలు పెట్టావని గట్టిగానే కేకలేశాను.

అతను తెచ్చిన ఉపాయం ఇది. పల్లె బట్వాడా ఉద్యోగికి ఒక వెసులుబాటు ఉండేది. సెలవు మీద పోతూ తన బదులు ఒకరిని తన పూచీ మీద పెట్టవచ్చు. "ఆర్నెల్లు సెలవియ్యిండ్రి సార్. నా బదులు గీమె చేస్తది. ఆడ పని మంచిగ లేకుంటే మల్లస్త" అన్నాడు.

తిరిగి రానని తెలిసిన మనిషికి సెలవిస్తే అది దొంగ కాగితం. కుదరదన్నాను. పోతే రాజీనామా రాసి పో. అతని ముఖం పాలిపోయింది. ఎందుకో నాకూ తెలుసు. ఏజెంటు మాట నమ్మి బొంబాయి దాకా పోయి, అక్కడ చెప్పులరిగేలా తిరిగి, ఉత్త చేతులతో వచ్చినవాళ్లు ఆ ఊళ్లోనే నలుగురున్నారు. రాజీనామా రాశాక ఆ వీసా ఉత్తదని తేలితే, ఆ ఇంటికి దుబాయీ ఉండదు, పోస్టూ ఉండదు. అయినా నేను మెత్తబడలేదు. ఒప్పుకున్న పని వదిలి పోవడానికి సిగ్గుండాలని కూడా అన్నాను.

అప్పుడు నర్సయ్య గొంతు సవరించుకున్నాడు. "మీరు సుత సిరిసిల్ల బడిని పదకొండో దినమే ఇడిసి అచ్చిండ్రని మొన్న మీరే జెప్తిరి గద సార్."

చెప్పిన మాట నిజమే. ఈ శాఖలోకి రాకముందు సిరిసిల్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల మాస్టరుగా చేరాను. పదకొండో రోజు పోస్టాఫీసు గుమాస్తా ఉద్యోగం ఆర్డరు వచ్చింది. హెడ్మాస్టరుకు ముఖం చూపించలేక, చెప్పాపెట్టకుండా తెల్లవారి మొదటి బస్సెక్కాను. నర్సయ్యను కసురుకోబోయి, బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను.

ఆ సందులో గంగమణి మాట్లాడింది. "ఆయన రెండు సంతకాలు వెట్టిండు గద సార్. ముట్టిందని వెట్టినాయన పోతడు. ఇచ్చేటి పని నేను జేస్త. రాజీనామా రాయమనుండ్రి."

ఊరు తెలుసా అని అడిగాను. "బీడీలు జేసుకుంట అందరి ఉత్తరాలు నేనే సదివిన. ఎవలింట్ల ఎవలు ఏడున్నరో పోస్టుమాస్టరు సారుకంటె నాకే ఎర్క" అంది. పదో తరగతి పాసయ్యానంటూ మెమో బల్ల మీద పెట్టింది. మార్కులు భర్తకంటే ఎక్కువ. మరి మొదటిసారి దరఖాస్తు ఎందుకు పెట్టలేదన్నాను. "ఆయన వెట్టుకున్నడు గద. ఇద్దరం ఒక్కదానికే కొట్లాడుకుంటమా?"

ఇన్‌స్పెక్టరు చేతిలో ఇంకొక అధికారం ఉంది. కొత్త ఎంపిక జరిగేదాకా ఎవరినైనా తాత్కాలికంగా పెట్టవచ్చు. ఆ మనిషికి ఉద్యోగం మీద ఏ హక్కూ ఉండదు, రేపు ఇంకొకరు ఎంపికైతే సంచి అప్పగించి ఇంటికి పోవాలి. ఈ సంగతి రెండుసార్లు విడమరచి చెప్పాను. ఆమే పక్కన నిలబడి రాజేశం చేత రాజీనామా రాయించింది. అతను రెండు సంతకాలు పెట్టిన రిజిస్టరులో మాత్రం ఎర్ర సిరాతో నా వ్యాఖ్య రాశాను: ఇకమీదట బట్వాడా ఉద్యోగి పేర వచ్చిన రిజిస్టరు ఉత్తరాన్ని పోస్టుమాస్టరే అందజేయవలెను.

అతను బొంబాయి వెళ్లాక మూడు వారాలు ఏ కబురూ లేదు. నిజం చెప్పాలంటే నాకూ మనసులో పీకుతూనే ఉంది. ఒకరోజు నర్సయ్య ఆ ఊరికి తనిఖీకి పోయాడు. ఆ పొద్దుటి సంచిలో దుబాయి ముద్రతో ఒక కవరు ఉంది, పైన ఆమె పేరే. ఇప్పి చూడు బిడ్డా అన్నాడట నర్సయ్య. ఆమె దాన్ని కట్టలో అన్నిటికంటే అడుగున పెట్టింది. "మా ఇల్లు ఆఖరుకున్నది గద బాపూ" అని బయలుదేరింది. ఊరంతా, దాని కింది రెండు గూడేలూ నడిచి, అందరి ఉత్తరాలూ ఇచ్చాక తన గడప మీద కూర్చుని చింపింది. క్షేమంగా చేరాడు, పనిలో కుదిరాడు. నర్సయ్య ఇది చెబుతూ కండువాతో ముక్కు తుడుచుకున్నాడు. నేనూ ఫైల్లో తల దూర్చాను.

రెండు నెలలకు కొత్త ఎంపిక జరిగింది. దరఖాస్తులు పదకొండు. ఆడమనిషి సంచి మోసుకుని గూడేలకెట్లా పోతుందని సర్పంచి వచ్చి వాదించాడు. ఇప్పటిదాకా పోతున్నది ఎవరని అడిగాను. నాలుగు మార్కుల తేడాతో గంగమణికే వచ్చింది. నా పరిధిలో మొదటి ఆడ బట్వాడా ఉద్యోగి ఆమె.

తర్వాత రెండేళ్లకు ఆమె సెలవు దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. తల్లికి కంటి ఆపరేషన్, పదిహేను రోజులు కావాలి. తన పూచీ మీద పెట్టే బదులు మనిషి పేరు రాజేశం. బంధుత్వం, భర్త. ప్రస్తుతం దుబాయి నుండి సెలవుపై వచ్చి ఉన్నాడు. పూర్వానుభవం అన్న చోట గుండ్రటి అక్షరాలతో రాసింది: తొమ్మిది రోజులు.

పగలబడి నవ్వి, సంతకం పెట్టాను. నర్సయ్య ఆ కాగితాన్ని ఆఫీసంతా తిప్పి చూపించాడు.

ఉద్యోగం వదిలి మెరుగైన చోటుకు పోయేవాణ్ని ఆపడం ఏ శాఖకూ సాధ్యం కాదు. ఎందుకు పోతున్నావని అడిగినా లాభం లేదు. సంచి ఎవరి చేతిలో పెట్టి పోతున్నావన్నదొక్కటే అడగదగ్గ ప్రశ్న. రిటైరయ్యేదాకా నేను మొదట అడిగింది అదే. సిరిసిల్ల బడిలో తొమ్మిదో తరగతికి ఆ ఏడు లెక్కలు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.