కాట్పాడి మోటారు సైకిలూ, కాణిపాకం ప్రమాణమూ

మోటారు సైకిలు సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది పూలమ్మే రాజమ్మ. కాట్పాడి వైపు నుంచి మల్లెమొగ్గలు రైల్లో వేసుకొచ్చి తిరుపతి వీధుల్లో అమ్ముకునేది. ఒక శుక్రవారం ఉదయం మా గడపలో కూర్చుని మూర పూలు కొలుస్తూ, "అక్కా, మా వీధిలో మిలిటరీ ఆయన బండి అమ్మేస్తా ఉండాడు. బిడ్డను తుడిసినట్టు తుడిసి పెట్టుకున్నాడు. మీ ఇంటాయన బస్సుల కోసరం అల్లాడతా ఉండాడే, చెప్పరాదా?" అంది. నేను విననట్టే పూలు తీసుకుని లోపలికి వచ్చాను. కానీ మా వారు వరండాలో గడ్డం గీసుకుంటూ అంతా విన్నారు.

మా వారిది బట్టల వ్యాపారం. పుత్తూరు, నగరి మగ్గాల దగ్గర తువ్వాళ్లు, అవతలి రాష్ట్రంలో గుడియాత్తంలో లుంగీలు కొని తిరుపతి అంగళ్లకు వేసేవారు. మూటతో ఎక్కనివ్వని కండక్టర్లతో తగువులు, ఆఖరు బస్సు తప్పిపోయి ఏ ఊరి అరుగు మీదో పడుకోవడాలు ఆయనకు మామూలైపోయాయి. పైగా ఉబ్బసం మనిషి. బండి ఉంటే పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. ఆ మాట నిజమే. అయినా నా గుండె ఒప్పుకోలేదు.

మా అన్న మునిరత్నం చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారిలో, కాలువ మీద కట్టిన ఒక మోరీ దగ్గర మోటారు సైకిలు జారి పడి చనిపోయాడు. నాయన అప్పటికే లేరు కాబట్టి, ఆ తర్వాత అమ్మకు మిగిలింది నేనొక్కదాన్నే. ఏడాది తిరగకముందే అమ్మ మా వారిని కాణిపాకం తీసుకుపోయి, తల మీద నీళ్లు పోయించి, తడిబట్టలతో స్వామి ముందు నిలబెట్టింది. "మీరు మగోళ్లు, మీ బతుకుదెరువు మీ ఇష్టం నాయనా. నా బిడ్డను మాత్రం ఆ బండి ఎక్కించనని చెప్పండి" అంది. ఆయన చెప్పారు. మా జిల్లాలో కోర్టులో బొంకేవాడు కూడా కాణిపాకం వినాయకుడి ముందు బొంకడు. అక్కడ అన్న మాట తప్పితే ఆ ఇంట్లో ఏదో ఒక దీపం ఆరుతుందని మా నమ్మకం. నాకు చదువు చెప్పింది మా నాయన, అదీ ఇంట్లోనే. అక్షరాలతో పాటు ఆయన నాకు నేర్పింది ఇదే: దేవుడి ముందు అన్న మాటను తేలిగ్గా చూడకూడదని.

అందుకని మేము ఒక ఏర్పాటు చేసుకున్నాము. ఇద్దరం రైల్లో కాట్పాడి పోవాలి. బండికి మొదటి పసుపు కుంకుమ నా చేత్తో పెట్టాలి. తిరుగు ప్రయాణంలో నేను బస్సులో, ఆయన బస్సు వెనకే బండి మీద. రాత్రికి చిత్తూరు కట్టమంచిలో అమ్మ దగ్గర ఆగి, మర్నాడు ఇల్లు చేరడం.

తెల్లవారు జామున పాసింజరు ఎక్కాము. అప్పట్లో ఆ దారి చిన్న పట్టాలదే. చంద్రగిరి దాటాక కొండలు వెలుతురుకు వచ్చాయి. పాకాలలో రైలు చాలాసేపు ఆగుతుంది. ఆకులో ఇడ్లీలు వేడిగా దొరుకుతాయి, అక్కడే తినేయడం మంచిది. తర్వాత కాట్పాడి దాకా మంచి తిండి లేదు. ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దాయన నా ఒడిలో నిమ్మకాయల సంచి చూసి, "ఇన్ని నిమ్మకాయలు ఎత్తుకోని యాడికమ్మా?" అని అడిగాడు.

"మోటారు సైకిలు కొంటున్నామండీ."

"మంచిది మంచిది. మా అల్లుడు కూడా కొన్నాడు. ఇప్పుడు కర్ర పట్టుకోని బాగానే నడస్తా ఉండాడు."

మా వారు కిటికీ వైపు తిరిగి నవ్వు దాచుకున్నారు. నేను నిమ్మకాయలు మళ్లీ లెక్కపెట్టుకున్నాను.

ఎండ ఎక్కేసరికి కాట్పాడిలో దిగాము. మిలిటరీ ఆయన పేరు సెల్వం. మీసాలు పెద్దవి, మాట మెత్తన. బండి నల్లగా, ఎద్దంత ఉంది. ఆయన కాలితో ఒక్క తన్ను తన్నగానే అది చేసిన చప్పుడుకు పెరట్లో కోళ్లు గోడ దూకాయి. నేను పసుపు రాసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి, హారతి ఇచ్చాను. హారతి రెండుసార్లు ఆరింది, మళ్లీ వెలిగించాను. సెల్వం గారు చూస్తూ నిలబడి, "నన్ను యుద్ధానికి పంపినప్పుడు కూడా మా ఇంట్లో ఇంత సేయలేదమ్మా" అన్నారు. ఆయన భార్య నాకు కాఫీ ఇచ్చి, వెనక చక్రం పక్కన బిగించిన కమ్మీల జాలీ చూపించింది. "ఇది చీర చక్రంలో పడకుండా. కొంగు నడుముకు సుట్టి గట్టిగా దోపుకో. కాళ్లు ఈ పలక మీద పెట్టు. భయం లేదు" అని తమిళమూ తెలుగూ కలిపి చెప్పింది. నేను ఎక్కేది లేదని చెప్పడానికి సిగ్గేసి తల ఊపాను.

మధ్యాహ్నం భోజనమయ్యాక చిత్తూరు బస్సు ఎక్కి, వెనక అద్దంలోంచి చూసే వీలుండేలా చివరి సీట్లో కూర్చున్నాను. మా వారు వెనకే వస్తున్నారు. బస్సు దుమ్ము లేపినప్పుడల్లా ఆయన కనిపించకుండా పోయేవారు. దుమ్ము విడిపోయి ఆ తెల్ల చొక్కా మళ్లీ కనిపించే వరకు గోవింద నామం తప్ప నా నోట వేరే మాట లేదు.

సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగిపోయింది. ఆ పొద్దు అవతలి రాష్ట్రం బస్సులు ఇవతలికి రాకూడదట. ఎందుకని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెప్పారు. అందరం దిగాము. కొందరు బెల్లం లారీ పట్టుకుని ఎక్కేశారు. ఆ మగవాళ్ల గుంపులో నేను ఎక్కలేకపోయాను. ఇవతలి నుంచి బస్సు వస్తుందని చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. పొద్దు వాలిపోతోంది.

మా వారు నా మొహం చూశారు. బండి ఎక్కమని ఆయన అనలేదు, ఎక్కుతానని నేనూ అనలేదు. ఆయన బండి స్టాండు తీసి, హ్యాండిలు పట్టుకుని, "నడుద్దాం పా" అన్నారు.

అలా నడిచాము. కొత్తగా కొన్న బండిని ఆయన తోసుకుంటూ, పక్కన నేను నిమ్మకాయల ఖాళీ సంచితో. రెండు వైపులా మామిడి తోపులు. ఎదురుగా చెరకు గడల మోపుతో వస్తున్న ఒక అవ్వ మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

"ఏం నాయనా, గుర్రాన్ని కొనుక్కోని నడిపించుకోని పోతా ఉండావే! పెట్రోలు లేదా?"

"పెట్రోలు ఉండాది అవ్వా. ప్రమాణం ఉండాది."

"ఏ సామి దగ్గర?"

"కాణిపాకంలో."

అవ్వ నవ్వు మానేసింది. మోపు దించి, రెండు చెంపలూ వేసుకుని, "అట్టయితే నడవండి నాయనా, నడవండి" అని మాకు దారి వదిలింది.

రోడ్డు మెల్లగా ఎత్తుకు ఎక్కడం మొదలుపెట్టింది. బండి బరువు అప్పుడు తెలిసింది. ముందు ఆయన మాట ఆగింది, తర్వాత దగ్గు, ఆ తర్వాత పిల్లన గ్రోవిలాంటి ఆ ఊపిరి. నాకు తెలిసిన చప్పుడే. చలికాలం రాత్రులు దానికి భయపడి నిద్ర మానుకున్నదాన్ని. బండికి ఆనుకుని నిలబడ్డారు. పెదవులు నల్లబడ్డాయి. దగ్గరలో ఇల్లు లేదు, మనిషి లేదు. ఒక పక్క అన్న మోరీ దగ్గర పడి ఉన్న రోజు, ఇంకో పక్క ఎదురుగా ఈ ఊపిరి. మాట తప్పితే స్వామి ఏం చేస్తాడో తెలియదు. తప్పకపోతే ఈ మనిషి ఏమవుతాడో కళ్లకు కనపడుతోంది.

కాసేపు కూర్చోబెట్టి వీపు రాశాను. ఊపిరి కొంచెం కుదుటపడ్డాక, "నేను ఎక్కుతాను" అన్నాను.

"వద్దే. మాట ఇచ్చింది నేను. నాకే తగల్తుంది."

"నాకు తగలనీ అని స్వామికి ఇప్పుడే చెప్పుకున్నాను. లేవండి."

సెల్వం గారి భార్య చెప్పినట్టే కొంగు నడుముకు చుట్టి దోపుకున్నాను. ఎక్కి కూర్చుని కళ్లు మూసుకున్నాను. బండి కదలగానే నేల నా కింది నుంచి ఎవరో లాగేసినట్టయింది. రోడ్డు మీద, పగటి వెలుగులో, ఆయన భుజం పట్టుకోవడం అదే మొదలు. గుంత వచ్చినప్పుడల్లా ఇదే ఆ దెబ్బ అనుకున్నాను. లారీ హారను వినపడితే ఇదే అనుకున్నాను. చిత్తూరు దీపాలు కనపడ్డాయని ఆయన చెప్పినా కళ్లు తెరవలేదు.

కట్టమంచిలో అమ్మ వాకిట్లో నీళ్లు చల్లుతోంది. బండి ఆగింది. నేను దిగడం చూసింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది. నేను ఏడుస్తూ జరిగినదంతా చెప్పాను. అమ్మ ఒక్క మాట కూడా నన్ను అనలేదు. మా వారి వైపు చూడకుండానే, "ఆయాసం తగ్గిందా అడుగు అమ్మణ్ణీ" అంది. అల్లుడితో అమ్మ ఎదురుపడి మాట్లాడటం తక్కువ. ఆయన ఉన్న చోట కుర్చీలో కూర్చోదు. మిరియాల కషాయం కాచి గడప ఇవతల పెట్టింది. ఆ రాత్రి నేను ఆయన ఊపిరి వింటూ పడుకున్నాను. పక్క గదిలో అమ్మ కూడా మేలుకునే ఉందని మంచం చప్పుడు చెప్పింది.

తెల్లవారేసరికి అమ్మ తలస్నానం చేసి కూర్చుని ఉంది.

"మాట కట్టించింది నేను. సామి ముందర విప్పాల్సింది కూడా నేనే. కాణిపాకం పోదాం."

"మొదటి బస్సుకే పోదాం అత్తా" అన్నారు మా వారు.

"బస్సులో అమ్మణ్ణి వస్తాది. నేను బండి మీద వస్తా. నా కొడుకు దేని మీద పోయినాడో ఒక్కసారి తెలుసుకోవల్లా."

నేను కాళ్లు పట్టుకున్నాను. అమ్మ వినలేదు. చివరికి అత్తా అల్లుళ్ల మధ్య అంతరం ఉండాలి కాబట్టి సీటు మీద ఒక పాత బట్టల మూట పెట్టించింది. దాని వెనక, కొంగు తల చుట్టూ బిగించుకుని, మూటను రెండు చేతులా కావలించుకుని కూర్చుంది. ఇరుగుపొరుగు వాకిళ్లలోకి వచ్చారు. "ఏం మంగమ్మా, పెండ్లికూతురి మాదిరి యాడికి?" అని ఎవరో ఎగతాళి చేశారు. "నీకేం తెలుసు, నువ్వు ఎద్దులబండి మనిషివి" అంది అమ్మ. కానీ చేతులు మూటను వదలలేదు.

నేను బస్సెక్కాను. ఊరు దాటేవరకు వాళ్లు ముందు కనపడుతూనే ఉన్నారు. తర్వాత వంపుల్లో తప్పిపోయారు. కాణిపాకం దారి మళ్లాక కిటికీ కమ్మీలు పట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాను. ఆ దారి నాకు తెలుసు. మోరీ దగ్గరికి వచ్చేసరికి చూశాను: రోడ్డు పక్కన మా నల్ల బండి. దాని మీద మనుషులు లేరు.

నేను అరిచిన అరుపుకు బస్సంతా తిరిగి చూసింది. కండక్టరు, "ఏమైందమ్మా? బండి స్టాండు మీద ఉండాది కదా, పడలేదు" అన్నాడు. అవును, స్టాండు మీదే ఉంది. అయినా బస్సు ఆగలేదు, నా మనసు కండక్టరు మాట నమ్మలేదు. కాణిపాకంలో దిగి గుడి ముందు నిలబడి, వచ్చే ప్రతి చప్పుడుకూ దారి వైపు చూస్తూ, స్వామీ నన్ను శిక్షించు, వాళ్లను కాదు అనుకుంటూ గడిపిన ఆ సమయం, ముందు రోజు బండి వెనక కూర్చున్న సమయం కన్నా భయంకరమైనది.

వచ్చారు. అమ్మ దిగింది. కొంగు నిండా దుమ్ము. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇన్నేళ్లలో అమ్మ ఆ మోరీని ఎప్పుడూ చూడలేదు. ఎవరైనా ఆ దారిన పోదామంటే వద్దని చుట్టు తిరిగి పోయేది.

"ఆపమంటే ఆయన ఆపినాడు. మోరీ కింది గట్టు మీద కాసేపు కూర్చున్నాం" అంది. నా చెయ్యి పట్టుకుంది. "ఇంత చిన్న మోరీనా అమ్మణ్ణీ! నా కలల్లో కొండంత ఉండెనే."

గుళ్లో అమ్మ తల మీద నీళ్లు పోసుకుని తడిబట్టలతోనే నిలబడింది. గట్టిగా అందరికీ వినపడేలా చెప్పింది: "సామీ, భయంతో నేను కట్టించిన మాట ఇది. నిన్న నా బిడ్డా అల్లుడూ తప్పింది ప్రాణం కోసరం. ఆ తప్పు నా లెక్కలో రాసుకో. మాటను నేను వదిలేస్తా ఉండాను." పూజారి గారిని నేను భయంగా చూశాను. ఆయన తీర్థం ఇస్తూ, "మాట అడిగిన తల్లే వచ్చి వదిలితే స్వామికి అడ్డమేముంటుందమ్మా" అన్నారు. ఆ తీర్థం తాగినప్పటి చల్లదనం నేను ఇంకే గుళ్లోనూ ఎరగను.

అమ్మ చిత్తూరు బస్సెక్కింది. మేము తిరుపతి దారి పట్టాము. పూతలపట్టు దాటాక మొదటిసారి కళ్లు తెరిచాను. వేరుశనగ చేలు, దూరంగా కొండలు, మా ముందు మా నీడ. చంద్రగిరి దగ్గర ఆగి మజ్జిగ తాగాము. తిరుపతి చేరేసరికి దీపాలు పెట్టే వేళ అయింది. భయం పోయిందా అంటే, పోలేదు. ఆయన బండి తీసిన ప్రతి ఉదయమూ సాయంత్రం చప్పుడు వినపడే దాకా నా చెవులు వీధిలోనే ఉండేవి. కానీ ఆయన అరుగుల మీద పడుకోవడం ఆగింది, రాత్రుళ్లు ఉబ్బసం తగ్గింది. తర్వాతి ఏళ్లలో ఆయన వెనక కూర్చుని నగరి పోయాను, సరిహద్దు దాటి తిరుత్తణి పోయాను. క్షేమంగా దిగిన ప్రతిసారీ స్వామికి దండం పెట్టాను. ఈ ప్రయాణం నాకు ఇచ్చింది ఏమిటని అడిగితే, భయాన్ని కూడా వెంట పెట్టుకుని బయలుదేరవచ్చని తెలియడమే అంటాను.

అమ్మ మళ్లీ ఎప్పుడూ బండి ఎక్కలేదు. "ఒక్కసారి సాలు, నాకు కావాల్సింది దొరికింది" అనేది. అమ్మ ఇప్పుడు లేదు. ఆ వైపు పోయేవాళ్లను నేను అడిగేది ఒక్కటే. మీ వెనక సీట్లో తల్లో అత్తో కూర్చుని వణుకుతూ ఉంటే నవ్వకండి, కాస్త మెల్లగా పోండి. పోతూ పోతూ కట్టమంచి మంగమ్మను ఒక్కసారి తలుచుకోండి.