నేల పండేదాకా

బాబాయి పోయారని కాకినాడ నుంచి ఫోను వచ్చేసరికి నేను దుబాయి పక్కన అజ్మాన్‌లో మా వంటశాలలో పప్పుచారుకి తాలింపు పెడుతున్నాను. సెలవు మీద ఇంటికెళ్ళిన మనిషి, మధ్యాహ్నం భోంచేసి పడుకుని మరి లేవలేదట. ఫోను పెట్టేశాక నాకు ముందు వచ్చింది కోపం, ఏడుపు తర్వాత వచ్చింది. పొయ్యి దగ్గర నేల మీద ఒక గీత పడింది. తిరిగి రాగానే వచ్చి సరిచేస్తానన్నారు. వెళ్ళేముందు కూడా నెలల తరబడి అదే మాట. చెప్పిన రోజున రావడం ఆయన జాతకంలోనే లేదు, ఈసారి అసలే రాకుండా పోయారు.

మా ఆయనకి మేనమామ, నాకు బాబాయి వరస. దుబాయి అల్ కుసైస్‌లో ఒక ఫ్లోరింగ్ కంపెనీలో సూపర్వైజరు. గోదాముల్లో, వర్క్‌షాపుల్లో కాంక్రీటు నేలల మీద ఎపాక్సీ పూత వేయించడం ఆయన ఉద్యోగం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను, ఎపాక్సీ అంటే రెండు డబ్బాల్లో వచ్చే చిక్కటి జిగురులాంటి సరుకు. రెండూ కలిపి నేల మీద పోస్తే దానంతట అదే పరుచుకుని గట్టిపడుతుంది. అతుకులుండవు, నీళ్ళు దిగవు, నూనె పట్టదు. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ పని చేసే మనిషిని చుట్టంగా భరించడం మాత్రం వేరే సంగతి.

ఎవరింటికెళ్ళినా ముందు మనుషుల మొహాలు చూడరు, నేల చూస్తారు. మా పిల్లాడు పుట్టినప్పుడు ఆస్పత్రికి వచ్చి, ఉయ్యాల వంక కన్నెత్తైనా చూడకుండా నా మంచం పక్కన గొంతుక్కూర్చున్నారు. జేబులోంచి దిర్హమ్ బిళ్ళ తీసి నేల మీద టకటకా కొట్టి, "ఇక్కడ కింద డొల్లగా ఉందమ్మాయ్" అన్నారు. నర్సు ఏం పోయిందో అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. షాపింగ్ మాల్‌కి తీసుకెళ్తే అక్కడా అదే పని, సెక్యూరిటీ అతనికి సంజాయిషీ చెప్పుకోవలసింది మేము. "పడిపోయారా అంకుల్" అని ఎవరైనా చెయ్యందిస్తే విసుక్కునేవారు.

2003లో మా ఆయన పనిచేసే ఆఫీసు మూతపడింది. వీసా గడువు దగ్గరపడుతోంది. బ్యాచిలర్ గదులకి భోజనం క్యారియర్లు పంపే వంటశాల పెట్టుకుందామని ఒక పాత గ్యారేజీ షాపు తీసుకున్నాం. కఫీల్, అంటే మాకు పూచీ ఉండే స్థానిక అరబ్బు, సంతకం పెట్టాడు, అన్నీ కుదిరాయి, నేల తప్ప. బలదియా నుంచి, అంటే మున్సిపాలిటీ నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చి, పగుళ్ళిచ్చిన కాంక్రీటు మీద వంట కుదరదని, అతుకుల్లేని నేల వేసి చూపించమని గడువు పెట్టి వెళ్ళాడు. అది దాటితే లైసెన్సు ఖలాస్. లైసెన్సు లేకపోతే వీసా లేదు, పిల్లాణ్ణి చంకనేసుకుని విమానం ఎక్కడమే.

దగ్గర్లో ఉన్న పెయింటు షాపతను ఒక్క పూటలో రోలరుతో వేసేస్తానన్నాడు. సరేననబోతుంటే బాబాయి వచ్చారు. అతని డబ్బా మూత తీసి, పుల్ల ముంచి, కారే తీరు చూసి మూత పెట్టేశారు. "ఇది గోడకి కట్టే చీర. నేలకి చెప్పులు కావాలమ్మాయ్" అన్నారు. ఇక అక్కణ్ణుంచి మొదలైంది నా ఖర్మ.

పూత వేసిన పలకలు కొన్ని తెచ్చి మా భోజనాల బల్ల కింద పెట్టారు. ఏ వంట చేసినా వాటి మీద ఒక గరిటె పొయ్యాలి. చింతపండు పులుసు, పసుపు, ఆవపిండి, వేడి నూనె, అన్నీ పోసి తుడవకుండా ఉంచాలి. చీమలు పట్టాయి, పిల్లాడు ఒకదాన్ని నాకాడు. శుక్రవారం శుక్రవారం వచ్చి గోటితో గీకి చూసేవారు. నున్నటి పలక నాకు నచ్చింది, అది తీసి అవతల పెట్టేశారు. నూనె పడితే జారి నడుం విరగ్గొట్టుకుంటావు, పైన సన్నటి ఇసక చల్లిన రకమే వేస్తానన్నారు. రంగు విషయంలో అత్తయ్య, అంటే బాబాయికి సొంత అక్క, ఇంటి గచ్చులాగా ఎర్రగా ఉండాలని పట్టుబట్టారు. ఎరుపు మీద ఎర్ర కారం పడితే ఎవరికి కనిపిస్తుందని ఆయన బూడిదరంగు ఖాయం చేశారు.

అంతా అయిందనుకుంటుంటే ఉన్నట్టుండి, "గంజి ఎక్కడ వారుస్తావు?" అని అడిగారు. ఏ మూలో ఒక మూల అన్నాను. ఏ మూలో ఇప్పుడే చెప్పమన్నారు. ఎపాక్సీ పులుపుకి లొంగదుగానీ మరిగే గంజి రోజూ పడితే మెత్తబడి లేచిపోతుందట. ఆ మూల మట్టుకు వేడికి ఆగే వేరే సరుకు మందంగా వెయ్యాలట. పెయింటు షాపతను ఈ ప్రశ్న అడగలేదని అప్పుడు తట్టింది, అయినా చిరాకు తగ్గలేదు.

నీళ్ళు మోరీ వైపు పోవడానికి వాలు కావాలని కొత్తగా కాంక్రీటు పోయించారు. ఇక అది ఆరేదాకా ఆగాలి. ఆరడం అన్న మాటంటే ఆయనకి ఒళ్ళుమంట. "ఆరడం బట్టలకి. నేల పండాలి" అనేవారు. ప్లాస్టిక్ కాగితం నేల మీద పరిచి చుట్టూ టేపు అంటించి వెళ్ళేవారు. మర్నాడు వచ్చి విప్పి చూస్తే కాగితం అడుగున తడి. "ఇంకా చెమట పోస్తోంది, పండలేదు" అనడం, వెళ్ళిపోవడం. నాకు పైనుంచి చూస్తే ఎండిపోయిన ఎడారిలా ఉండేది. ఆ ప్లాస్టిక్ కాగితం నా కలల్లోకి కూడా వచ్చేది.

ఎట్టకేలకు ఒక గురువారం కాగితం కింద పొడిగా ఉంది. ఆ రోజే పూత పట్టుకోవడానికి మిషనుతో నేలంతా గరుకుగా గీయించి, రేపు పొద్దున్నే పూత అన్నారు. ఇన్‌స్పెక్టరు రావడానికి ఇంకా వ్యవధి ఉంది.

అత్తయ్య అప్పుడు విజిట్ వీసా మీద మా దగ్గరే ఉన్నారు. శుక్రవారం తెల్లవారగానే మా ఆయన దగ్గర తాళం తీసుకుని, నాకు మాటమాత్రం చెప్పకుండా షాపుకెళ్ళారు. మేం వెళ్ళేసరికి నేలంతా పసుపు నీళ్ళతో కడిగి, మధ్యలో బియ్యప్పిండితో ఇంత ముగ్గు పెట్టి, నాలుగు మూలలా కుంకుమ చల్లి, కొంగు బిగించుకుని నిలబడి ఉన్నారు. వెనకాలే బాబాయి, డబ్బాలు మోసుకుంటూ ఆయన మనుషులు.

"కడిగావా అక్కా?" అన్నారు బాబాయి.

"కడక్కుండా ఎలా మొదలెడతార్రా? అంతా దుమ్ము. శుక్రవారం పూట, కొత్త చోట."

బాబాయి ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నారు. "నెల్లాళ్ళు పండబెట్టింది గంటలో తడిపేశావు" అని, తెచ్చిన డబ్బాలు మళ్ళీ బండిలోకి ఎక్కించమన్నారు. అత్తయ్య కళ్ళు తుడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయారు.

మా ఆయన ఊరుకోలేదు. పైన తుడిచేసి ఈ రోజే వేసెయ్యమన్నారు. గడువు గుర్తుచేశారు, వీసా గుర్తుచేశారు, పరాయివాడైతే ఈపాటికి వేసి వెళ్ళిపోయేవాడని కూడా అనేశారు. బాబాయి మాత్రం ముగ్గు వంకే చూస్తున్నారు. "వేస్తానురా అల్లుడూ. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి వెళ్ళేదాకా ఉంటుంది. ఎండాకాలానికి బుడగలొస్తాయి, బుడగల్లోకి ఎంగిలి నీళ్ళు దిగుతాయి. అప్పుడు వాడే వచ్చి మూసేస్తాడు. అప్పటికి ఏ ఉద్యోగం చూసుకుని బతుకుతారు మీరు?" అన్నారు. మా ఆయన బయటికి వెళ్ళిపోయారు. నాకు ఆ క్షణాన ఈ మావా అల్లుళ్ళనీ, అక్కాతమ్ముళ్ళనీ అందర్నీ ఆ షాపులో పెట్టి తాళం వెయ్యాలనిపించింది.

ఆదివారం బాబాయి పని మానుకుని మా ఆయన్ని బలదియాకి తీసుకెళ్ళారు. అక్కడ ఇన్‌స్పెక్టరు ముందు కూర్చుని, సగం ఉర్దూ సగం అరబ్బీలో నేలలో చెమట ఎందుకు పుడుతుందో మొదటినుంచీ వివరించారట. సముద్రం ఎంత దూరమో, గాలిలో తడి ఎంతో, అన్నీ. మధ్యలో ప్లాస్టిక్ కాగితం కూడా తీసి చూపించారట. భరించలేక ఇన్‌స్పెక్టరు ఇంకో రెండు వారాలు రాసిచ్చి, యల్లా, ఇక వెళ్ళండి అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి అది చెప్తూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి చాన్నాళ్ళయింది.

పిండి మరకలు పోయేలా మళ్ళీ గీయించారు. పెద్ద ఫ్యాన్లు పెట్టారు, ఏసీ వేశారు, మళ్ళీ ఆ పాడు కాగితం అంటించారు. చివరికి పూత వేసిన రోజున మాత్రం నేను గుమ్మంలోంచి కదల్లేదు. కలిపిన సరుకు బకెట్లోనే ఉంటే వేడెక్కి గడ్డకడుతుంది కాబట్టి గబగబా పోసెయ్యాలి, ఎవరూ మాట్లాడకూడదు. బాబాయి అడుగున మేకులున్న చెప్పులేసుకుని, ఆ తడి పూత మీదే నడుస్తూ, వెనక్కి వెనక్కి వస్తూ సర్దుకొచ్చారు. అంత పొగరుమోతు మనిషి అలా ఒంగి ఒంగి, తన అడుగుల గుర్తులు కూడా మిగలకుండా గుమ్మం దాకా వచ్చారు.

ఇన్‌స్పెక్టరు వచ్చి, బూటుతో రెండుసార్లు తన్ని చూసి, సంతకం పెట్టాడు. అయిదేళ్ళయింది. ఆ నేల మీదే మా కూడూ గుడ్డా, పిల్లాడి బడీ. బాబాయి మొహాన నేనొక్కసారీ ఈ మాట అనలేదు. ఆ రోజు ఆయన మొండితనమే మమ్మల్ని ఇక్కడ నిలబెట్టింది.

అత్తయ్య మాత్రం ఆ శుక్రవారం నుంచి తమ్ముడితో మాట్లాడడం మానేశారు. ఆవిడ తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు బాబాయి చెప్పాపెట్టకుండా వచ్చి, మిగిలిన తెల్ల ఎపాక్సీతో వంటశాల గుమ్మం లోపల తనే చుక్కలు పెట్టి మెలికల ముగ్గు వేసి, పైన పారదర్శకంగా ఇంకో పూత వేశారు. మర్నాడు అక్కని తీసుకొచ్చి చూపించారు. అత్తయ్య వంగి, వేలితో గీతల వెంబడే వెళ్ళి ఒక చోట ఆగారు. "చుక్క తప్పావురా. ఈ గీత దేనికీ కలవలేదు" అన్నారు. బాబాయి కూడా వంగి చూశారు. చాలాసేపు చూశారు.

"పండిపోయిందక్కా" అన్నారు.

అత్తయ్య నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నారు. విమానాశ్రయం దాకా తమ్ముణ్ణి తిడుతూనే వెళ్ళారు.

ఆయన పోయిన మర్నాడు అత్తయ్యే ఫోను చేశారు. ఎలా జరిగిందో ఏమిటో ఏమీ చెప్పలేదు.

"గుమ్మంలో ముగ్గు చెరిపేశావా?" అన్నారు. మనిషి పోతే మైల తీరేదాకా ముగ్గు ఉండకూడదు కదా, అందుకు.

"అది చెరగదు కదండీ అత్తయ్యా."

"ఎదవ. ఇప్పుడు కూడా మాట వినడు" అని ఫోను పెట్టేశారు.

ఖాళీ బియ్యం సంచి ఒకటి తెచ్చి ముగ్గు మీద పరిచాను. క్యారియర్లు పట్టుకెళ్ళేవాళ్ళు ఎందుకని అడక్కుండా పక్కనుంచి దాటుకుని వెళ్ళారు. సాయంత్రానికి వాళ్ళ కాళ్ళు తగిలి సంచి కొంచెం జరిగింది. అంచు కిందినుంచి ఆ ఒక్క గీతే బయటికి వచ్చింది, తెల్లగా, దేనికీ కలవకుండా.