బండి నింపినట్టు పడవ నింపిన రోజు

1992 డిసెంబరు. అప్పుడు నేను ఆర్మూర్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిని. మెండోర దిక్కున, శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీళ్ల నడుమ ఒక చిన్న గుట్ట లంకలా మిగిలి ఉండేది. పడవలో పోయి, గుట్టెక్కి, ఒక రాత్రి గుడారాల్లో ఉండి రావడం, అదీ క్యాంపు. మగపిల్లల హాస్టల్ వాళ్లు ఏటా పోయేవారు. ఆడపిల్లలకు అదే మొదటిసారి.

మా వార్డెన్ మేడం ఇల్లిల్లూ తిరిగి తండ్రులను ఒప్పించింది. పదో తరగతి సుజాత తండ్రి సంతకం పెడుతూ, "నీళ్ల మీదికి ఆడివిల్లల్ని పంపుడంటె భయమే మేడం. జరంత తేడా వచ్చిందో, మల్ల అడగొద్దు" అన్నాడు. మిగతా తండ్రుల మాటా అదే. ఈసారి సగంలో తిరిగొస్తే ఇక ఎప్పటికీ లేనట్టే.

క్యాంపుకు ముందు ఇండెంట్ రాస్తారు. స్టోరు నుంచి తీసే సరుకుల చిట్టీ అన్నమాట. ఆ సరుకులతో మొదటి పడవలో నేను పోవాలి, తర్వాత పిల్లలు. క్యాంపు రోజు ఒడ్డున, పడవ నడిపే గంగారాం తెడ్డు తెచ్చుకునేలోగా బియ్యం, పప్పు, గిన్నెలు అన్నీ నేనే ముందుకొసకు సర్దేశాను. నేను పుట్టి పెరిగింది పసుపు పండించే ఇంట్లో. మార్కెట్‌కు పోయే ఎడ్లబండిలో బరువు ముందుకే ఉండాలి. వెనక బరువైతే కాడి ఎద్దుల మెడ మీది నుంచి లేచిపోతుంది.

గంగారాం వచ్చి చూశాడు. "అక్కా, ముందట మస్తు బరువైంది. నడుమకు జరుపుదాం."

"పసుపు బండ్లు నింపిన చేతులివి. నాకే చెప్తున్నవా తమ్మీ?"

"బండికి ఎడ్లుంటయక్కా, గిక్కడ నేనొక్కన్నే" అని నవ్వి, పెద్దదాన్నని ఊరుకున్నాడు.

ఒడ్డు దాటి ఇరవై గజాలు పోయామో లేదో, గాలికి లేచిన అల పడవ ముక్కు మీంచి లోపలికి దూకింది. బియ్యం బస్తా నానిపోయింది. గంగారాం గభాలున తిప్పి ఒడ్డు పట్టించాడు.

ఒడ్డున పిల్లలతో ఉన్న మేడం గంగారాం మీదికి ఉరికొచ్చింది. "ఓటి పడవ తెచ్చినవా? పరాయి పిల్లల్ని ఇందుల ఎక్కిస్తనా నేను? సామాను దించుండ్రి, వాపస్ పోదాం."

గంగారాం సామాను దించబోయాడు. నా పేరు ఎత్తలేదు. సుజాత బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఇసుకలో కూలబడింది. నోరు మూసుకుంటే నా నౌకరి నాకుంటుంది. కానీ ఆ పిల్ల ముఖం చూశాక నోరు ఆగలేదు.

"మేడం, పడవ మంచిగనే ఉంది. తప్పు నాది. గంగారాం జెప్పిండు, నేనే ఇనలే. బండి లెక్క నింపిన."

మేడం నా వైపు తిరిగింది. "ముందుగాల చెప్పొద్దా లచ్చక్కా?"

"గిప్పుడన్న చెప్పిన గద మేడం."

సుజాత ఫక్కున నవ్వింది.

గంగారాం బరువంతా నడుమకు చేర్చాడు. మేడం తానే ఎక్కి ఒక చుట్టు తిరిగొచ్చి, చుక్క నీళ్లు రాలేదని చూసుకున్నాకే పిల్లలను పిలిచింది. తడిసిన బియ్యం ఆగవని అన్నీ ఒకేసారి వండేశాను. గుట్టెక్కి దిగిన ఆకలికి మెతుకు మిగల్లేదు.

మన పనిలో మనకుండే పొగరును పక్కవాడి పనిలోకి మోసుకుపోకూడదని నేను నేర్చుకున్నది ఆ ఒడ్డునే. తప్పును తొందరగా ఒప్పుకుంటే దానివల్ల ఆగిన పని మళ్లీ సాగుతుందనీ అక్కడే తెలిసింది.

మరుసటేడు సుజాత తండ్రి తనంతట తానే హాస్టల్‌కు వచ్చాడు. "మా చిన్నదాని పేరు గూడ రాస్కో మేడం" అని, వంటింటి వైపు చూసి గొంతు పెంచాడు. "గని పడవల సామాను మాత్రం లచ్చక్క సర్దొద్దు!"