బావ నడుముకి మూడు తాళాలు

మా బావతో వేగి వేగి నా ఒంట్లో రక్తం ఇంకిపోయింది. ఎవరితోనైనా చెప్పుకుందామంటే, 'పాపం పెద్దాయన' అంటారు. పాపమట! రెండు నెలలు మీ ఇంట్లో పెట్టుకోండి, పాపమో శాపమో తెలుస్తుంది.

బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆయన మాకు మేనత్త కొడుకే కాబట్టి అప్ప కూడా ఆయన్ని బావా అనే పిలుస్తుంది. ముగ్గురం జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగాం. అప్ప ఇక్కడ నర్సుగా పనిచేసి, ఇంగ్లండులో ఆస్పత్రి ఉద్యోగం వస్తే వెళ్ళింది. వెనకాలే బావ వెళ్ళి అక్కడ సిటీ బస్సు నడిపాడు. ఆ దేశం పాస్‌పోర్టు తీసుకున్నారు, ఆ దేశం పింఛనే తింటున్నారు. అక్కడి చలికి అప్ప మోకాళ్ళు పట్టేసేవి. రిటైరయ్యాక వెచ్చగా ఉండొచ్చని, ఉద్యోగాల్లో ఉండగానే స్పెయిన్లో ఒక పల్లెటూళ్ళో రెండు గదుల ఇల్లు కొన్నారు. వెనక కాస్త పెరడు కూడా ఉంది.

అప్పట్లో ఇంగ్లండు పాస్‌పోర్టు ఉంటే యూరప్‌లో ఎక్కడ ఎన్నాళ్ళున్నా అడిగేవాడు లేడు. తర్వాత ఇంగ్లండు ఆ దేశాల జట్టులోంచి బయటికొచ్చేసింది. గడువులోగా స్పెయిన్లో కాపురం పెట్టి, పేరు రాయించుకున్నవాళ్ళని మాత్రం కదిలించబోమన్నారు. ఆ ఊళ్ళో ఉన్న ఇంగ్లండు ముసలాళ్ళందరూ పరుగుపరుగున వెళ్ళి రాయించుకున్నారు. మా బావ రాయించుకోలేదు.

ఎందుకో చెబుతాను. కార్ఖానా క్వార్టర్లలో పెరిగినవాళ్ళకి పుట్టుకతోనే ఒక భయం ఉంటుంది. ఉద్యోగం అయిపోతే ఇల్లు ఖాళీ చేయాలి. అందుకని చేతికి ఇంకో తాళం వచ్చేదాకా ఉన్న తాళం వదలకూడదన్నది మా వీధుల్లో ఆచారం. కాపురం వేరేచోటికి మారిపోయినా సరే, క్వార్టర్లో ఒక మంచం, ఒక బిందె, తీగ మీద ఒక లుంగీ ఉంచి, మేమింకా ఇక్కడే ఉన్నాం అనిపించేవారు. బావ వాళ్ళ నాన్న ఒక్కడే మర్యాదకి పోయి ముందే తాళం అప్పజెప్పేశాడు. గోవింద్‌పూర్‌లో ఇల్లు అద్దెకిస్తానన్న మనిషి ఆఖరికి మాట తప్పాడు. ఆ వానాకాలమంతా ఇంటిల్లిపాదీ చుట్టాల వరండాలో పడుకున్నారు. అప్పటినుంచీ మా బావకి తాళం కనిపిస్తే చాలు, మొలతాడుకి కట్టేసుకుంటాడు. విమానాశ్రయాల్లో యంత్రం కుయ్యోమని అరవడం, ఈయన నలుగురి ముందూ చొక్కా ఎత్తి మొలతాడు చూపించడం, అప్ప పక్కకి తిరిగి నిలబడడం ప్రతిసారీ ఉన్నదే.

ఇంగ్లండులో వాళ్ళున్నది మున్సిపాలిటీ వాళ్ళు అద్దెకిచ్చిన ఫ్లాటు. అప్ప పేరున ఉంది. అసలు కాపురం అందులో ఉన్నంతకాలమే ఇస్తారు. స్పెయిన్లో కాపురమని రాయించుకుంటే ఆ తాళం ఇచ్చేయాలి. ఈయన ఇస్తాడా! "రెండూ ఉండనీ, నష్టమేటి?" అన్నాడట.

నష్టమేమిటంటే, సొంతింట్లో మూడు నెలలుంటే తర్వాత మూడు నెలలు బయటుండాలి. అప్ప ఆ పెరట్లో గోంగూర వేసింది, మిరప వేసింది. మొక్క ఏపుగా లేచి పిందె పడే వేళకి పెట్టె సర్దుకోవాలి. తిరిగి వెళ్ళేసరికి ఎండిన పుల్లలుంటాయి. ఇన్నేళ్ళలో తను వేసిన మిరపచెట్టు మీద ఒక్క కాయ ఎర్రబడడం చూడలేదు మా అప్ప. అది చెప్పినప్పుడల్లా నాకు కడుపు మండిపోయేది.

మరి ఆ మూడు నెలలూ ఎక్కడుంటారు? ఇంగ్లండులో చలి. ఇంకెక్కడ, ఇక్కడ జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో మా ఇంట్లో! ఇక్కడ పుట్టి పరాయి పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళకిచ్చే కార్డు ఉంది కాబట్టి ఇక్కడ ఎన్నాళ్ళున్నా అడిగేవాళ్ళు లేరు, నేను తప్ప.

ఈసారి మోకాళ్ళకి ఏవో పరీక్షలున్నాయని అప్ప ఇంగ్లండులోనే ఆగిపోయి, బావని ముందు పంపించింది. రెండు నెలలు! అన్నంలో కారం ఎక్కువంటాడు, టీలో పాలు ఎక్కువంటాడు. ఒకరోజు బిష్టుపూర్ బజారుకి వెళ్ళి ఇంత లావు తాళం కొనుక్కొచ్చి మా వెనక గదికి బిగించాడు. గదిలో నా కుట్టు మిషనుంది. పెళ్ళివారి జాకెట్లు సగం కుట్టి ఉన్నాయి. నేను లేచి చూసేసరికి తాళం వేసుకుని ఊరి మీదకి వెళ్ళిపోయాడు. సాయంత్రం ఊడిపడ్డాక పట్టుకున్నాను.

"నా ఇంట్లో గదికి నివ్వు తాళమేసీడమేటి బావా? బుద్ధుందేటి?"

"ఉండనీయే మరదలా. మనిషికి ఓ గదంటూ ఉండాల గదా. రేపు ఏటవుతాదో ఎవలికెరిక?"

మా ఆయన పేపరు చాటునుంచి, "జానే దో, పోనీలే, పెద్దోడు," అన్నాడు. ఆయనకేం, జాకెట్లు కుట్టేది ఆయనా!

అప్ప వచ్చింది. చిక్కిపోయింది కానీ ముఖం తేటగా ఉంది. మోకాళ్ళ పరీక్షల సంగతి అడిగితే బాగానే ఉన్నాయంది, అంతే. వచ్చిన నాలుగో రోజో అయిదో రోజో, అందరం అన్నాలు తింటుంటే నేనే కదిపాను. స్పెయిన్లో రిటైరైనవాళ్ళకి వేరే వీసా ఉందట, అది పెట్టుకుంటే ఏడాది పొడుగునా ఉండొచ్చట, పెట్టుకోవచ్చు కదా అన్నాను. బావ ముద్ద కంచంలో పడేశాడు.

"నా ఇంటికెల్లడానికి నాను వీసా అడుక్కోవాలేటి? అయినా అది ఎట్టుకుంటే అక్కడే ఉండిపోవాల. ఫ్లాటు తాళం ఇచ్చీమంటారు. నానియ్యను."

ఇక నావల్ల కాలేదు. "నడుముకి మూడు తాళాలు కట్టుకుని తిరుగుతున్నావు. ఆ మూడింట్లో మా అప్ప పెట్టె విప్పుకుని కాళ్ళు చాపుకునే ఇల్లు ఏది బావా? ఏదో ఒకటి సూపించు!" అని అరిచేశాను. మా ఆయన చెయ్యి ఎత్తాడు, ఆగమని. ఆగలేదు.

అప్పుడు అప్ప నా వైపు తిరిగి, నెమ్మదిగా అంది. "అరవకే. మూడు కాదు, రెండే. ఆ ఫ్లాటు తాళం ఇప్పుడు ఏ తలుపుకీ పట్టదు."

బావకి అర్థం కాలేదు. నాకూ కాలేదు.

"ఫ్లాటు నా పేరుది. ఇచ్చీసినాను. నిన్ను ముందు పంపింది అందుకే బావా. నా మట్టుకు వీసా ఎట్టుకున్నాను, వచ్చింది. సామాన్లు కొన్ని స్పెయిన్ పంపీసి, కొన్ని పంచీసి వచ్చినాను. ఎన్నిసార్లు నిన్నడిగినాను? నాకింక పెట్టె సర్దే ఓపిక నేదు."

"మరి నాను?" అన్నాడు బావ.

"నివ్వూ ఎట్టుకుంటే ఇద్దరం ఉందాం. నేదంటే మూడు నెల్లు వచ్చి, చుట్టంలాగ ఉండి ఎల్దువుగాని."

బావ మొలతాడు విప్పి ఆ ఫ్లాటు తాళంచెవి తీసి కంచం పక్కన పెట్టాడు. లేచి చెయ్యి కడుక్కున్నాడు. అది ఇప్పటికీ నా మిషను సొరుగులో దారపుకండెల మధ్య ఉంది.

అప్ప వెళ్ళేనాడు టాటానగర్ స్టేషన్లో రైలు కదలబోతుంటే, స్పెయిన్ ఇంటి తాళంచెవి ఇమ్మంది. జనం తోసుకుంటుంటే ఈయన చొక్కా ఎత్తి ముడి విప్పలేక అవస్థపడ్డాడు. చివరికి నేనే పళ్ళతో విప్పాను, ఖర్మ. రైలు వెళ్ళిపోయింది. ఆవిడ హాయిగా వెళ్ళింది, ఈయన నాకు మిగిలాడు.

ఆ తర్వాత ఆయన కారం సంగతి ఎత్తలేదు, టీ సంగతి ఎత్తలేదు. ఏది పెడితే అది తినేవాడు. తిట్టడానికి కూడా నాకు సందు లేకుండా పోయింది, అది ఇంకా చిరాకు. గదికి తాళం వేసుకుని, నేను మిషను దగ్గరికి వెళ్ళాలంటే పిలవగానే వచ్చి తీసేవాడు. ఎండలు ముదిరి, వానలు కూడా వెళ్ళే రోజుల్లో అప్ప వీడియోలో పెరడు చూపించింది. మిరపచెట్టు నిండా ఎర్రటి కాయలు. బావ ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "కోసీకు. ఇంకో నాలుగు రోజులుండనీ," అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మర్నాడు పొద్దున్నే పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇంగ్లండెల్తన్నాను మరదలా. నాతో బస్సు నడిపినోడి ఇంట్లో ఓ మూల ఉండి వీసాకి ఎట్టుకుంటాను, అక్కడే ఎట్టుకోవాలంట."

"ఇయ్యకపోతే?"

"ఏటో మరి. ఎవలికెరిక?"

మొలతాడు విప్పి వెనక గది తాళంచెవి తీసి నా చేతిలో పెట్టాడు. ఈ మనిషి చేతికి ఇంకోటి రాకుండా, ఎవరూ అడక్కుండా, ఉన్న తాళం అప్పజెప్పడం నా ఎరుకలో అదే మొదటిసారి. చొక్కా కిందికి లాక్కుని, అలవాటుగా నడుము తడుముకున్నాడు. అక్కడేమీ లేదు.

'ఉంచుకో బావా, గది నీదే' అని నా నోటిదాకా వచ్చింది. అలా అన్నానంటే ఆగిపోతాడు. నోరు నొక్కుకుని, తాళంచెవి కొంగున ముడేసుకున్నాను.